ఆ పాట ఎవరిదో మార్చింది నేనే

మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళలో ఈ కథ విననివాళ్ళు తక్కువ. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఉద్యోగాల సంగతి ఎత్తేవారు, నేను గొంతు సవరించుకునేవాణ్ణి, మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక పాత అమెరికన్ సినిమా పాట, దాన్ని కట్టినాయన పేరు కంప్యూటర్లలోంచి చెరిగిపోవడం, రెండు వందలకు పైగా రికార్డింగుల్లో ఆ పేరును నేను ఒక్క మధ్యాహ్నంలో తిరిగి నిలబెట్టడం. ఇదీ కథ. అందులో హీరోని నేను. చెప్పిన ప్రతి మాటా నిజమే. చెప్పనిది ఒక్కటే. ఆ పేరు చెరిపింది కూడా నేనే.

ఏడాది నుంచి ఆ కథ చెప్పడం మానేశాను. విన్నవాళ్ళలో చాలామంది ఈ పత్రిక చదువుతారు. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళకి పనికొచ్చే అనుభవం ఒకటి రాయమని సంపాదకులు అడిగారు కాబట్టి, దిద్దుబాటు ఇక్కడే వేసుకుంటున్నాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

2008 నాటి మాట. సన్నీవేల్‌లో ఒక టైర్ల షాపు వెనక, ఒకే అంతస్తు బిల్డింగ్‌లో ముప్ఫై మంది పనిచేసే కంపెనీ మాది. మీరు ఇప్పుడు ఫోన్‌లో పాట పెడితే కింద పాడినవాళ్ళ పేరు, కట్టినవాళ్ళ పేరు, అది ఏ సినిమాలోదో చిన్న అక్షరాలతో వస్తుంది కదా. అది దానంతటదే రాదు. ఎవరో కూర్చుని ఎక్కించాలి. మేం అదే చేసేవాళ్ళం. పాటల పుట్టుపూర్వోత్తరాలు ఎక్కించి, ఫోన్లు తయారుచేసే కంపెనీలకు ఇచ్చేవాళ్ళం.

ఆఫీసులో రెండు వైపులు. ఒకవైపు ట్యూబ్‌లైట్ల కింద ఇంజనీర్లం. రెండో వైపు తివాచీ పరిచిన గది. అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునే ఆరుగురు. పాటలు వినడమే వాళ్ళ ఉద్యోగం. విని, ఇది ఎవరి పాట, దేనికి మరో రూపం, వివరాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని తేల్చేవాళ్ళు. మా వైపు వాళ్ళకి అదొక ఉద్యోగంలా అనిపించేది కాదు. కళ్ళు మూసుకుంటే మాకు మేనేజర్ నుంచి పిలుపు వచ్చేది, వాళ్ళకి జీతం వచ్చేది.

ఆ ఆరుగురిలో పెద్దావిడ ఒకరున్నారు. అరవై ఆరేళ్ళు. నలభై ఏళ్ళు శాన్ ఫ్రాన్సిస్కో హోటళ్ళలో జాజ్ పియానో వాయించి, వేళ్ళ కీళ్ళు మొరాయిస్తే ఈ పనిలోకి వచ్చారు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లిష్, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ఆవిడ తెలుగులోనే అనేవారు. ‘గారు’. మేము ఫోన్లలో మా మామగార్లతో మాట్లాడుతుంటే విని ఏరుకున్న మాట అది. అర్థం అడిగితే గౌరవం అని చెప్పాం. ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో గౌరవం దక్కని వస్తువు లేదు.

"ప్రింటర్ గారికి ఇవాళ ఒంట్లో బాగాలేదు."

"కాఫీ గారు అయిపోయారు. ఆఖరి కప్పు ఎవరు పోసుకున్నారో నాకు తెలుసు, ఇంజనీర్ గారూ."

గారూ అంటూనే చెవి మెలిపెట్టే మనిషి.

నాకు ఆ పాట తెలిసింది ఆవిడ వల్లనే. పాట పేరు రాయను. రాస్తే మనుషుల పేర్లు కూడా బయటపడతాయి. అరవైల్లో వచ్చిన సినిమా. రెండు వారాలు కూడా ఆడలేదట. హీరోయిన్ ఫెర్రీ పడవ అందుకోలేక, రేవులో తన పెట్టె మీద కూలబడుతుంది. పక్కన ఎవరో గిటార్ వాయిస్తుంటాడు. ముఖం కనబడదు, చేతులే కనబడతాయి. నిమిషంన్నర పాట, అంతే. బ్రెజిల్ నుంచి వచ్చిన బోసా నోవా అప్పట్లో అమెరికాలో కొత్త మోజు. సినిమాని జనం మర్చిపోయారు గానీ, పాటని జాజ్ వాళ్ళు ఎత్తుకున్నారు. మాటలు తీసేశారు, వేగం పెంచారు, తగ్గించారు, సాక్సఫోన్ మీద ఊదారు, ట్రంపెట్ మీద ఏడిపించారు. నలభై ఏళ్ళు తిరిగేసరికి జాజ్ నేర్చుకునే ప్రతివాడూ వాయించి తీరాల్సిన పాటల్లో అదొకటైంది. ఆ సినిమాలో కనబడే చేతులు ఆ పాట కట్టినాయనవే. మా పెద్దావిడ వయసులో ఉన్నప్పుడు ఆయన బ్యాండ్‌లోనే పియానో వాయించారు. పాట ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆ చేతులు ఎవరివో నాకు అప్పటికి తెలియదు.

ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, రెండు రికార్డింగులు వినిపించారు. ఒకటి సినిమాలోది. రెండోది నలుగురు కలిసి వాయించినది.

"రెండూ ఒకటేనా?" అన్నారు.

"కాదండీ. మొదటిదాంట్లో మాటలున్నాయి."

"రెండోదాంట్లో?"

"గొడవ ఉంది."

ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పైన కేకలు వేసేవాళ్ళ వెంట పడకు. కింద బరువుగా మోగే బేస్ ఎటు నడుస్తోందో చూడు. ఇంటికి ఏ దారిన వెళ్తోందో చూడు. దారి ఒకటైతే పాట ఒకటే."

"ఇంతకీ బోసా నోవా అంటే ఏంటండీ?"

"సాంబా అంటే వీధిలో ఊరేగింపు. ఆ ఊరేగింపే ఇంటికొచ్చి, చెప్పులు బయట విప్పి, పిల్లలు నిద్రపోతున్నారని మెల్లగా నడిస్తే బోసా నోవా."

చెప్పులు బయట విప్పడం అర్థమైంది. మిగతాది అర్థమైనట్టు తలాడించాను.

అలా నెలల తరబడి విని, ఆ పాటకు ఎక్కడెక్కడో ఉన్న రూపాలన్నిటినీ ఆవిడ ఏరి, సినిమాలోని అసలు పాటకి ముడివేశారు. ఆ ముడుల వల్ల అసలు పాటలో ఏ వివరం దిద్దినా తక్కిన అన్నిటిలోనూ అదే దిద్దుబాటు పడుతుంది. ప్రతి రికార్డు అడుగునా ఆవిడ పేరులోని రెండు పొడి అక్షరాలు ఉండేవి. నేను విన్నాను, సరిచూశాను అని దానర్థం. సంతకం లాంటిది.

ఇక నా నిర్వాకం.

ఒక ఫోన్ కంపెనీ మా సమాచారం తీసుకోవడానికి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. స్వరకర్త పేరు ఉండాల్సిన చోట ఖాళీలు గానీ అనుమానాలు గానీ ఉండకూడదు. లక్షల పాటలు. మనుషులు వింటూ కూర్చుంటే అయ్యే పని కాదు. ప్రోగ్రామ్ రాసి సరిచేయమని నాకు అప్పగించారు.

సినిమా పాటల వరకు నాకు అసలు ఆలోచించాల్సిన అవసరమే కనబడలేదు. నేను పెరిగిన లోకంలో ఒక సినిమాకి సంగీత దర్శకుడు ఒక్కడు. పోస్టర్ మీద ‘సంగీతం’ అని ఎవరి పేరుంటే ఆ సినిమాలో పాటలన్నీ ఆయనవే. ఎక్కడో ఒకటీ అరా తప్ప, దీనికి తిరుగులేదు. రేడియో వింటూ, క్యాసెట్ల అట్టలు చదువుతూ ఒంటబట్టిన జ్ఞానం అది. కాబట్టి నా ప్రోగ్రామ్‌లో ఒక సూత్రం పెట్టాను. ఒక సినిమా పాటల్లో దాదాపు అన్నిటికీ ఒక పేరు ఉండి, ఒక్కదానికి మాత్రం వేరే పేరు ఉంటే, ఆ ఒక్కటీ టైపింగ్ పొరపాటు. దిద్దేయాలి.

అమెరికాలో అలా కాదని, సినిమా అంతటా వినబడే వాద్యసంగీతం ఒకరు చేస్తే మధ్యలో వచ్చే పాటను ఇంకెవరి చేతనో కట్టించుకుంటారని, గోడ అవతల తివాచీ గదిలో ఆరుగురికి తెలుసు. నాకు అడగాలని తోచలేదు. అంటే అసలు ఎవరినీ అడగలేదని కాదు. ఫ్రీమాంట్ నుంచి రోజూ నాతో కారులో వచ్చే మిత్రుణ్ణి అడిగాను. వరంగల్ వైపు వాడు, మా కంపెనీలోనే టెస్టింగ్ చేసేవాడు. నా ప్రోగ్రామ్‌ని సరిచూడాల్సింది అతనే. ఫ్రీవే మీద ట్రాఫిక్ ఆగిపోయి ఉంది.

"తమ్ముడూ, ఒక సినిమాకి మ్యూజిక్ ఇద్దరు చేస్తారా?"

"ఇద్దరెందుకుంటరన్నా? పోస్టర్ మీద ఒక్క పేరే గదా ఉంటది. ఇద్దరుంటే పంచాయితే."

"ఇంగ్లిష్ సినిమాల్లో కూడానా?"

"సినిమా సినిమానే గదన్నా. ఈడ మాత్రం ట్యూన్లు చెట్లకు కాస్తయా?"

అమెరికా సినిమా సంగీత చరిత్రను ఇద్దరం అలా మరో ఎగ్జిట్ వచ్చేలోపు తేల్చేశాం. మా కోడ్ రివ్యూ అది.

ఇంకొక పొరపాటు కూడా చెప్పాలి, అసలు పాపం అందులోనే ఉంది. ప్రోగ్రామ్ ఏదైనా మారిస్తే, ఇది మనిషి మార్చింది కాదు, ప్రోగ్రామ్ మార్చింది అని రికార్డులో ఒక గుర్తు పడాలి. ఆ భాగం తర్వాత రాద్దామనుకున్నాను. మీలో చాలామంది ఇంజనీర్లే కాబట్టి ఆ ‘తర్వాత’ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒక గురువారం నా ప్రోగ్రామ్ నడిచింది. ఫెర్రీ పాట దగ్గర గిటారిస్టు పేరు పోయి, ఆ సినిమాకి సంగీతం చేసిన వేరొకాయన పేరు కూర్చుంది. ఆవిడ వేసిన ముడుల పుణ్యమా అని ఆ తప్పు రెండు వందల చిల్లర రికార్డింగులకూ పాకింది. ప్రతిదాని అడుగునా ఆవిడ సంతకం అలాగే ఉంది.

నెల తిరిగింది. శాన్ హోసేలో ఒక చర్చి హాలులో, శనివారం మధ్యాహ్నం, ఆ గిటారిస్టుకి చిన్న సన్మానం పెట్టారు. ఆయనకి అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. పియానో మా పెద్దావిడే. ఆఫీసులో అందరినీ పిలిచారు. నేను కుటుంబంతో వెళ్ళాను. పార్కింగ్ ఉచితం, టీ, కేకులు ఉంటాయన్నారు.

కుర్చీల్లో ఒక ముద్రించిన కాగితం పెట్టారు. వాయించబోయే పాటలు, వాటి స్వరకర్తల పేర్లు. అడుగున మా కంపెనీకి కృతజ్ఞతలు. వివరాలు మా దగ్గరివే మరి. ఫెర్రీ పాట పక్కన నేను దిద్దిన పేరు అచ్చులో చూసి నేనేం చేశానో చెప్తే నమ్మరు. మా ఆవిడకి చూపించి, "ఇది నేను సరిచేసిందే" అన్నాను. గర్వంగా.

ముందు వరసలో ఆ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివారు. నాలుగు మడతలు వేసి కోటు జేబులో పెట్టుకున్నారు. మైకు ఇచ్చాక లేచి నిలబడి అన్నారు: "ఈ పాట నేను కట్టలేదని ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళు అడగకుండా వాయించినందుకు ఆ కట్టినాయన నన్ను క్షమించాలి."

హాలంతా నవ్వింది. పెద్దాయనా నవ్వారు. పియానో ముందు కూర్చున్న మా పెద్దావిడ నవ్వలేదు. ముందున్న కాగితం తీసి చూశారు. ఆ తర్వాత పాట మొదలైంది. ఆ రోజు మాత్రం నాకు బేస్ నడక స్పష్టంగా వినబడింది. మా ఆవిడ నా చెవిలో, "సరిచేసిందే అన్నావు?" అంది.

సోమవారం మా మేనేజర్ ఆ పనితో సంబంధం ఉన్నవాళ్ళందరినీ మీటింగు గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని అమెరికన్. అతనితో, నాతో కలిపి పన్నెండు మందిమి. తెర మీద ఆ పాట రికార్డు పెట్టాడు.

"ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఎలా జరిగిందో తెలియాలి," అని ఆవిడ వైపు తిరిగాడు. "అడుగున మీ ఇనిషియల్స్ ఉన్నాయి."

ఆవిడ చాలాసేపు తెర వైపు చూశారు. "ఉన్నాయి," అన్నారు. "అయితే నేనే టైప్ చేసి ఉంటాను. ఆ పేరు నాకు నా పేరుకన్నా బాగా తెలుసు. అయినా చేసి ఉంటాను." అంతలోనే ఎప్పటి ధోరణిలోకి వచ్చారు. "పోయిన వారం కారు తాళాలు గారిని ఫ్రిజ్‌లో పెట్టాను. పెరుగు పక్కన."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా పక్కన కూర్చున్న వరంగల్ మిత్రుడు టేబుల్ కింద నా కాలు తొక్కాడు. చెప్పమనా, చెప్పొద్దనా అని నేను అడగలేదు. సాయంత్రం కారులో ఇద్దరం క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం.

ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. హెచ్1బి వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డ్ ఫైలింగ్ సగంలో ఉంది, ఉద్యోగం పోతే ఇల్లూ వాకిలీ సర్దుకోవాలి. అబద్ధం కాదు. కానీ ఆ మేనేజర్ ఒక తప్పుకి ఉద్యోగం తీసేవాడు కాదని నాకూ తెలుసు. అసలు సంగతేంటంటే, ఆ వారమే నా పేరు ముందు ‘సీనియర్’ అని చేర్చి కొత్త కార్డులు ముద్రించి ఇచ్చారు. సినిమాకి సంగీతం ఎంతమంది చేస్తారో సీనియర్ గారు ట్రాఫిక్‌లో కనుక్కున్నారని పన్నెండు మందిలో ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నమే పాత కాపీ తీసి అన్ని రికార్డులూ సరిచేశాను. ఎక్కడ చెరిపానో నాకు తెలుసు కాబట్టి పని తొందరగా అయింది. నా చురుకుదనాన్ని మెచ్చుకుంటూ మేనేజర్ అందరికీ మెయిల్ పెట్టాడు, నాకొక కాఫీ షాపు గిఫ్ట్ కార్డ్ ఇచ్చాడు. విందు భోజనాల కథ అక్కడ పుట్టింది.

ఆవిడ మాత్రం మారిపోయారు. విన్న పాటనే మళ్ళీ వినేవారు. సంతకం పెట్టేముందు నన్ను పిలిచి, "ఇంజనీర్ గారూ, ఒకసారి చూడు, నేను రాసింది నేను రాద్దామనుకున్నదేనా?" అనేవారు. నేను చూసి, సరిగ్గానే ఉందండీ అనేవాణ్ణి. మూడు నెలలకి ఉద్యోగం మానేశారు. ఎవరూ పొమ్మనలేదు. ఆఖరి రోజు నేను ఆవిడని కాఫీకి తీసుకెళ్ళాను. ఆ గిఫ్ట్ కార్డ్ మీదే. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను గానీ, దిద్దుబాటు అన్నాక అన్నీ ఉండాలి.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళాను," అన్నారు ఆవిడ. "జ్ఞాపకశక్తి పరీక్ష. గడియారం బొమ్మ గీసి, పదకొండూ పది చూపించమన్నాడు. గీశాను. బాగానే ఉంది, ఇంటికి వెళ్ళమన్నాడు."

"మరింకేం అండీ."

"అదే కదా. గడియారం గీయగలను. అయితే ఆ పేరు ఎవరు టైప్ చేశారు?"

నేను కాఫీ తాగాను.

ఆరేళ్ళు గడిచాయి. గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆ కంపెనీని ఎవరో కొనేశారు, తలో దిక్కూ అయ్యాం. నేను పాటల జోలికి పోకుండా వేరే పనిలో పడ్డాను. 2014లో మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. మా ఆవిడ కర్ణాటక సంగీతం అంది, అమ్మాయి స్కూల్ జాజ్ బ్యాండ్‌లో పియానో అంది, ఇద్దరి మధ్య నాకు దక్కింది డ్రైవర్ ఉద్యోగం. ఒకరోజు కారెక్కుతూ నోట్స్ కాగితం నా ఒళ్ళో పడేసింది.

"నాన్నా, ఈ సాంగ్ చాలా హార్డ్. లెఫ్ట్ హ్యాండ్ రావట్లే."

చూశాను. ఫెర్రీ పాట. పైన గిటారిస్టు పేరు సరిగ్గా ఉంది.

"నువ్వు సేవ్ చేసిన సాంగ్ ఇదే కదా? డిన్నర్‌లో అందరికీ చెప్తావ్. అయితే నాకు నేర్పించు."

నేర్పించగల మనిషి ఒక్కరే తెలుసు. రెండు రోజులు తటపటాయించి ఫోన్ చేశాను. గొంతు అదే. "ఇంజనీర్ గారూ!" అన్నారు. శనివారం పొద్దున రమ్మన్నారు.

సన్నీవేల్‌లోనే, మెట్లెక్కి వెళ్ళే చిన్న అపార్ట్‌మెంట్. మమ్మల్ని వంటగదిలో కూర్చోబెట్టారు. కాఫీ మెషిన్ పక్కన ఒక రాత పుస్తకం తెరిచి ఉంది. పేజీ నిండా గడియారం బొమ్మ. అమ్మాయి పేజీలు తిప్పింది. ప్రతి పేజీలోనూ గడియారమే. ప్రతి గడియారంలోనూ పదకొండూ పది.

"ఇన్ని క్లాక్స్ ఎందుకు?" అంది అమ్మాయి, ఇంగ్లిష్‌లో.

"రోజూ పొద్దున్నే నాకు పరీక్ష," అన్నారు ఆవిడ. "కాఫీ పోసుకుని, ముందు గడియారం గీస్తాను. ముళ్ళు సరిగ్గా పడితే ఇవాళ్టికి నా బుర్ర నాదే. అప్పుడు తాగుతాను. కానీ ఈ వేళ్ళతో గీసేసరికి కాఫీ చల్లారిపోతుంది."

"ఎప్పటి నుంచి?"

"నేను మీ నాన్న వాళ్ళ ఆఫీసు వదిలినప్పటి నుంచి. ఇలాంటి పుస్తకాలు అల్మారాలో ఇంకా ఉన్నాయి."

అమ్మాయిని బయటికి పంపి చెప్పి ఉండాల్సింది. కానీ బయటికి పంపితే చెప్పేవాణ్ణి కాదు.

"ఆ పేరు మీరు టైప్ చేయలేదండీ," అన్నాను. "నేను రాసిన ప్రోగ్రామ్ మార్చింది. మీ సంతకం అలా వదిలేసింది. నాకు ఆ సోమవారం మీటింగులోనే తెలుసు."

ఆవిడ పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, ఆ రోజు పేజీ చూశారు.

"ఆయనకి నేను క్షమాపణ ఉత్తరం రాశాను," అన్నారు చివరికి. "పొరపాటు నాదేనని. ఆయన కార్డు ముక్క మీద జవాబు రాశాడు. ‘నా పక్కన కూర్చుని నువ్వు వెయ్యి తప్పులు వాయించావు, ఇలాంటిది ఒక్కటీ లేదు. ఇది నీది కాదు’ అని. మరుసటి ఏడాది పోయాడు. నేను ఆయన మాట నమ్మలేదు. కంప్యూటర్‌లో ఉన్న నా పేరు చూసి నమ్మాను."

మా అమ్మాయి నా వైపు చూడటం మానేసింది.

"ఆరేళ్ళు చల్లటి కాఫీ తాగించావు, ఇంజనీర్ గారూ."

అప్పుడు కూడా గారూ అన్నారు. తిట్టినా బాగుండేది.

"ఏం చేయమంటారండీ?"

"పాటని ఒక్క మధ్యాహ్నంలో సరిచేశావు. నన్ను వదిలేశావు. ఆ రోజు ఆ గదిలో నవ్వినవాళ్ళు ఎంతమందో అంతమందికీ రాయి. క్షమించడం అదీ తర్వాత చూద్దాం." అమ్మాయి వైపు తిరిగారు. "రా, నీ ఎడమ చెయ్యి సంగతి చూద్దాం. మీ నాన్న గారు బయట కూర్చుంటారు."

గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. తలుపు వెనక ఎడమ చెయ్యి తడబడింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆఖరి పావుగంట మాత్రం చెప్పులు విప్పి నడిచినట్టే నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి కారులో వెనక సీట్లో కూర్చుంది.

"ఇంక ఆ స్టోరీ డిన్నర్‌లో చెప్పకు నాన్నా."

"చెప్పను."

కొంచెం దూరం వెళ్ళాక, "నో, చెప్పు. కరెక్ట్‌గా చెప్పు," అంది.

ఆ సాయంత్రమే మెయిల్ రాశాను. ఆ గదిలో ఉన్న పదకొండు మందికీ, అందులో ఆవిడా ఒకరు. గురువారం నడిపిన ప్రోగ్రామ్, వేయని గుర్తు, సోమవారం మూసుకున్న నోరు, కాఫీ కార్డ్, అన్నీ రాశాను. ఇద్దరి అడ్రసులు పనిచేయక వెనక్కి వచ్చాయి, వాళ్ళని వెతికి పట్టుకుని మళ్ళీ పంపాను. మేనేజర్ ఒక్క ముక్క రాశాడు: "ఆ రోజు ఆవిడని అలా అందరిలో అడిగినందుకు నేనూ రాయాలి." రాశాడట కూడా. వరంగల్ మిత్రుడు ఇప్పుడు చాండ్లర్‌లో చిప్పుల కంపెనీలో ఉన్నాడు. మెయిల్ చూడగానే ఫోన్ చేశాడు.

"అన్నా, ఆరోజు కాలు తొక్కింది చెప్పమనే."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నేను రివ్యూ చేసిన గదా. నా పేరు గూడ రాయి అందులో."

పేర్లు రాయడం లేదు కాబట్టి, వరంగల్ అని రాశాను.

ఆవిడ దగ్గర నుంచి ఆ రాత్రికి జవాబు రాలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి వచ్చింది, అందరికీ పోయేలా. ఒక ఫోటో. కాఫీ మెషిన్ పక్కన అదే పుస్తకం, కొత్త పేజీ, దాని మీద ఏమీ లేదు. పక్కన కప్పులోంచి ఆవిరి లేస్తోంది. కింద మూడే వాక్యాలు.

"ఇవాళ గీయలేదు. కాఫీ గారు వేడిగా ఉన్నారు. వచ్చే శనివారం పాపని తీసుకురా, నీ చోటు మాత్రం మెట్ల మీదే."